రంగస్థలం నుంచి కోర్టు హాలుకి: సరిహద్దు జిల్లాల తెలుగు నటులు ఏ దారి ఎంచుకోవాలి

మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచలోనో, కిన్వట్‌లోనో, ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలోనో ఉంటూ ఏళ్ల తరబడి నాటకాలాడి, నాలుగైదు సీరియళ్లలో మొహం చూపించిన మనిషి లా చదవాలనుకుంటే మొదట అడిగే ప్రశ్న "ఏ కాలేజీలో చేరాలి?" అని. అది రెండో ప్రశ్న. ఏ కోర్టులో నిలబడతారన్నది ముందు తేలాలి. కోర్టు తేలితే భాష తేలుతుంది. భాష తేలితే ఏ రాష్ట్రంలో చదవాలో, ఎవరి దగ్గర జూనియర్‌గా చేరాలో సగం తేలిపోతుంది. ఈ వరస తిరగబడినవాళ్లే పట్టా చేతికొచ్చాక ఇబ్బంది పడతారు. హైదరాబాదులో తెలుగు, ఇంగ్లీషుల్లో చదువుకుని ఊరికొచ్చి, గడ్చిరోలి కోర్టులో మరాఠీ ఛార్జిషీటు ముందు కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కోవాల్సి వస్తుంది.

మన నాటకరంగంలో వకీళ్లకు కొదవ లేదు. బళ్లారి రాఘవ వకీలు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు కూడా బళ్లారిలో ప్లీడర్లే. ఏలూరు బందా కనకలింగేశ్వరరావు కూడా అంతే. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి.వి. రాజమన్నార్ నాటకాలు రాశారు, 1953లో సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు. బళ్లారి కూడా మన ఊళ్లలాగే రెండు భాషల సరిహద్దు ఊరు. అయితే వీళ్లందరినీ ఆదర్శంగా చూపించేముందు ఒక తేడా గమనించాలి. వాళ్లకు కోర్టు కూడు పెట్టింది, నాటకం పేరు తెచ్చింది. నటుడు వకీలవ్వాలంటే ఈ లెక్క తలకిందులవుతుంది. మూడేళ్ల చదువు, ఆపైన కనీసం రెండు మూడేళ్ల జూనియర్ బతుకు గడిచేదాకా ఇల్లు నడిపేది నటనే. అందుకే దాన్ని ఎంతవరకు కొనసాగించవచ్చు అన్నది ఈ ఎంపికలో పెద్ద లెక్క.

నటుడి చేతిలో ఉన్నదేమిటి, కోర్టు తీసుకునేదేమిటి

గొంతు పనికొస్తుంది. ఫ్యాన్ల చప్పుడు, వరండాలో జనం గోల మధ్య కూడా చివరి మాట వినబడేలా పలకడం స్టేజీ నేర్పిన విద్యే. జ్ఞాపకం అంతకన్నా ఎక్కువగా పనికొస్తుంది. ముప్పై పేజీల వాంగ్మూలంలో ఏ పేరాలో ఏముందో కాగితం చూడకుండా చెప్పగలిగితే జడ్జిగారు తలెత్తి చూస్తారు.

పనికిరానిది విరామం. ఒక్క దృశ్యం చూడండి. సాక్షి బోనులో ఉన్నాడు, మీరు క్రాస్ (ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించడం) చేస్తున్నారు. "ఆ రోజు నువ్వు గట్టు మీద లేవు, అవునా?" అన్నారు. సాక్షి తల దించుకున్నాడు, గుటక మింగాడు, రెండు క్షణాలాగి "ఉన్నానండి" అన్నాడు. నాటకంలోనైతే ఆ రెండు క్షణాలే సీను. ఇక్కడ జడ్జిగారు స్టెనోకి చెప్పేది ఇదీ: "ఆ రోజు నేను గట్టు మీద లేను అనడం నిజం కాదు." గుటక లేదు, తల దించుకోవడం లేదు. రేపు అప్పీలు వినే జడ్జి చదివేది ఆ ఒక్క వాక్యమే. సాక్షి ప్రవర్తనను నమోదు చేసే అధికారం జడ్జికి ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18, రూల్ 12 అందుకే ఉంది. కానీ ఆ క్షణంలోనే లేచి, వినయంగా, ఫలానా ప్రశ్నకు సాక్షి జవాబు చెప్పకుండా ఆగాడని రాయించమని అడగాలి. వాయిదా అయిపోయాక అడిగితే లాభం లేదు. నటన నుంచి వచ్చినవాళ్లు తరచూ చేసే తప్పు ఇంకొకటి: ఒకే ప్రశ్నలో మూడు ప్రశ్నలు గుచ్చి డైలాగులా విసరడం. సాక్షి వాటిలో తనకు అనుకూలమైనదానికి జవాబు చెప్పి తప్పించుకుంటాడు. క్రాస్‌లో ఒక్కో ప్రశ్నకు ఒక్కో సంగతి, "అవును" లేదా "కాదు" తప్ప వేరే దారి లేనట్టు అడగాలి.

ఇప్పుడు ఇదే దృశ్యాన్ని సిరోంచలో ఊహించండి. సాక్షి ఈసారి ఒక ఆడమనిషి, తెలుగులో చెబుతుంది, రికార్డు మరాఠీలో ఎక్కుతుంది. ఆమె "మా బావ" అంది. అక్క మొగుడా, మేనమామ కొడుకా, మొగుడి అన్నా? తెలుగులో ముగ్గురూ బావలే. మరాఠీలో అక్క మొగుడు భావోజీ, మేనమామ కొడుకు మామేభావు, మొగుడి అన్న దీర్. వారసత్వపు దావాలో ఈ మూడింటిలో ఏది రికార్డుకెక్కిందన్న దాన్నిబట్టి వాటా మారిపోతుంది. తెలుగు మాత్రమే వచ్చినవాడికి తప్పు ఎక్కిందని తెలియదు, మరాఠీ మాత్రమే వచ్చినవాడికి సాక్షి అన్నదేమిటో తెలియదు. రెండూ వచ్చినవాడికి ఆ కోర్టులో చోటుంది. సరిహద్దు జిల్లాలో తెలుగు నటుడు వకీలవడానికి అసలు బలం ఇదే. సినిమా పరిచయాలు దీనిముందు దిగదుడుపు.

మూడు దారులు

మహారాష్ట్ర వైపు దారి చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల వాళ్లది. కింది కోర్టుల భాష మరాఠీ. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి రాష్ట్ర సీఈటీ సెల్ (ఉమ్మడి ప్రవేశ పరీక్షలు నడిపే సంస్థ) పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, మరాఠీల్లో ఉంటుంది. తెలుగు ఉండదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. చంద్రపూర్‌లో శాంతారామ్ పోట్‌దుఖే లా కాలేజీ, నాందేడ్‌లో నారాయణరావు చవాన్ లా కాలేజీ ఉన్నాయి. ఇక్కడ పరీక్ష కన్నా ఎక్కువమందిని ఆపేది కాగితం. రిజర్వేషన్ కోరేవాళ్లకు కుల సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, కుల పరిశీలన కమిటీ ఇచ్చే వ్యాలిడిటీ సర్టిఫికెట్ కూడా కావాలి. తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు పాత రుజువులు వెతికేసరికే నెలలు గడుస్తాయి. సీఈటీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ఏడాది ముందే ఆ పని మొదలుపెట్టండి. గోదావరి అవతల చుట్టాలకు వర్తించే కుల రిజర్వేషన్ ఇవతల మీకు వర్తించదు, మీది అటూ చెల్లదు.

ఒడిశా వైపు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల వాళ్లకు బరంపురంలో లింగరాజ్ లా కాలేజీ, జయపురంలో జయపురం లా కాలేజీ దగ్గర. ఇక్కడి కోర్టుల్లో ఇంగ్లీషు వాడకం మహారాష్ట్ర తాలూకా కోర్టులకన్నా ఎక్కువ. రాతపని చాలామటుకు ఇంగ్లీషులో నెట్టుకురావచ్చు. కానీ ఎఫ్ఐఆర్, పోలీసు వాంగ్మూలాలు, భూమి పట్టా ఒడియాలో వస్తాయి. ఒడియా లిపి చదవడం రాకుండా ఈ దారి పట్టొద్దు. ఒడియా మాట్లాడటం వచ్చి, చదవడం రాని తెలుగువాళ్లు ఈ జిల్లాల్లో చాలామందే. రోజూ ఒక పేజీ చొప్పున ఒడియా దినపత్రిక పైకి చదివితే ఆరు నెలల్లో కళ్లు అలవాటు పడతాయి. డైలాగు కంఠతా పట్టే అలవాటున్నవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు.

మూడోది సరిహద్దు దాటడం. తెలంగాణ, ఆంధ్రల్లో లా ప్రవేశ పరీక్ష లాసెట్. రెండూ ఒకే తీరు: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ 30, కరెంట్ అఫైర్స్ 30, లా చదివే యోగ్యత 60. తెలుగులోనూ ప్రశ్నపత్రం ఉంటుంది. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు. ఇదంతా చూసి మనవాళ్లకు ఇదే తేలికనిపిస్తుంది. కానీ 85 శాతం సీట్లు స్థానికులవి. మిగతా 15 శాతానికి కూడా ఆ రాష్ట్రంలో మీరో మీ తల్లిదండ్రులో నిర్ణీత కాలం నివాసమున్నట్టు చూపించాలి. అది లేకపోతే మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు, దాని ఫీజు. నోటిఫికేషన్‌లో సిలబస్ కన్నా ముందు స్థానికత పేజీ చదవండి. మా సలహా ఏమిటంటే, ఆదిలాబాద్‌లోనో, శ్రీకాకుళంలోనో, హైదరాబాదులోనో ప్రాక్టీసు చేయాలని గట్టిగా నిశ్చయించుకున్నవాళ్లే ఈ దారి పట్టాలి. "తెలుగు మీడియం ఉంది కదా" అనేది సరిపడే కారణం కాదు.

ఎక్కడ చదివినా న్యాయవాదిగా నమోదయ్యేది ఒక్క రాష్ట్ర బార్ కౌన్సిల్‌లోనే (న్యాయవాదుల నమోదు చూసే సంస్థ). అయితే అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 30 ప్రకారం దేశంలో ఏ కోర్టులోనైనా వాదించే హక్కుంది, సెక్షన్ 18 ప్రకారం పేరును ఇంకో రాష్ట్రానికి బదిలీ చేయించుకోవచ్చు. కాబట్టి నమోదు ఎక్కడన్న బెంగ వద్దు. భాష ఒక్కటే బదిలీ కాదు.

చేరకముందే చూసుకోవాల్సినవి

మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. వయసు గురించి వెనకాడకండి. 30 దాటకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2016లో మళ్లీ తెచ్చిన పరిమితిని 2017లో సుప్రీంకోర్టు నిలిపివేసింది.

నటుల విషయంలో ఎక్కువగా దెబ్బకొట్టేది చదువు వరస. చిన్నప్పుడే నాటక సమాజంలో చేరి చదువు మానేసి, తర్వాత ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లు చాలామంది. అలాంటి డిగ్రీతో లా కోర్సుకు అర్హత లేదని 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో రూల్ 5 వివరణ చెబుతోంది. ముందు పది, తర్వాత ఇంటర్, ఆ తర్వాత డిగ్రీ అన్న వరస ఉంటే దూరవిద్య డిగ్రీ అయినా ఇబ్బంది లేదు. నాటకంలో డిప్లొమా డిగ్రీ కింద లెక్కకు రాదు. ఇక లా మాత్రం దూరవిద్యలో చేసి కోర్టుకెళ్లడం కుదరదు. కాలేజీకి ఆ ఏడాదికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. గోడమీద ఫ్రేము కట్టిన పాత ఉత్తర్వు చూసి సంతృప్తి పడొద్దు.

హాజరు, సీజను

ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు కావాలి. తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే జరగాలన్నది నిబంధన, కాబట్టి పగలు షూటింగు, రాత్రి చదువు అనే ఏర్పాటు లేదు. అదే సమయంలో ఇంకో రెగ్యులర్ డిగ్రీ చేయకూడదు. మూడేళ్లలో కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి.

ఝాడీపట్టీ నాటకాల్లో (తూర్పు విదర్భ పల్లెల్లో ఆడే మరాఠీ నాటకాలు) ఉన్నవాళ్లకు ఇది కఠినం. దీపావళి తర్వాత వరికోతలు కాగానే సీజను మొదలై హోలీ దాకా నడుస్తుంది. గడ్చిరోలి జిల్లా వడసాలో నాటక కంపెనీల ఆఫీసులు తెరుచుకుంటాయి, రాత్రి మొదలైన ఆట తెల్లారేదాకా సాగుతుంది. సరిగ్గా అవే నెలల్లో ఒక సెమిస్టరు పరీక్షలు పడతాయి, మరో సెమిస్టరు తరగతులు మొదలవుతాయి. సీజనంతా ఒప్పుకుంటే హాజరు పోతుంది, మొత్తం మానేస్తే ఏడాది తిండి పోతుంది. మధ్యేమార్గం ఒక్కటే కనిపిస్తోంది. మొదటి ఏడాది కంపెనీ ఒప్పందం వద్దనుకుని, శని ఆదివారాల ఆటలకు మాత్రం విడిగా పారితోషికం మాట్లాడుకోండి. ప్రధాన పాత్ర వదిలి, వేరొకరు అందుకోగల పాత్ర తీసుకోండి. ఒడియా జాత్రా కంపెనీలో ఉన్నవాళ్లకు ఈ సర్దుబాటు కూడా కుదరదు. నెలల తరబడి ఊరూరా తిరిగే పని అది, కాబట్టి రెండింట్లో ఒకటి వదలాల్సిందే. దసరాకీ సంక్రాంతికీ, పరిషత్తు పోటీలకూ నాటకమాడే బరంపురం, రాయగడ నటులకు మాత్రం పెద్దగా చిక్కులేదు. సీరియల్ వాళ్లు నెలకు ఎన్ని రోజుల కాల్షీటో ఒప్పందంలో రాయించుకోవాలి. నోటిమాటగా "ఆరు రోజులే" అన్నది కథలో మీ పాత్ర పెరిగితే పదిహేనవుతుంది.

పట్టా తర్వాత

నమోదు రుసుము జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు. రకరకాల పేర్లతో అంతకుమించి అడిగితే ఆ తీర్పు చూపించండి. తర్వాత రెండేళ్లలోపు ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. 100 ప్రశ్నలు, మూడున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు, నోట్సు రాసుకోని బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టాల పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లవచ్చు. 45 శాతం వస్తే పాస్, ఎస్సీ ఎస్టీలకు 40. పాత పుస్తకాలు సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరాలకు పాత శిక్షా చట్టమే కాబట్టి ఇంకొన్నేళ్లు రెండూ తెలిసుండాలి.

జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే. తాలూకా కోర్టులో అంత వస్తుందని ఇంటి బడ్జెట్ వేసుకోవద్దు.

పని విషయంలో మా మొగ్గు స్పష్టం: మొదటి అయిదేళ్లు సొంత తాలూకా, జిల్లా కోర్టులో సివిల్, క్రిమినల్ రెండూ చూసే సీనియర్ దగ్గర ఉండండి. సినిమా కాంట్రాక్టుల లాయరవుదామన్న ఆశ నటులకు సహజం. 1957 కాపీరైట్ చట్టంలో నటుల హక్కుల సెక్షన్లు 38, 38ఎ తెలుసుకోవడం మంచిదే, తోటి కళాకారుల ఒప్పందాలు చూసిపెట్టొచ్చు. కానీ ఆ పని ముంబైలోనో హైదరాబాదులోనో ఉంటుంది, కిన్వట్‌లో దానిమీద ఇల్లు గడవదు. ఇక్కడ దండిగా ఉన్నది భూమి పని. కిన్వట్, రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లావి, నాందేడ్ నిజాం రాజ్యంలోది. అందుకే అక్కడి పాత రెవెన్యూ కాగితాల్లో ఉర్దూ ఎదురవుతుంది. గంజాం, కొరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి, కనుక పాత దస్తావేజుల్లో తెలుగు కనిపిస్తుంది. వాటిని చదివి అర్థం చెప్పగల వకీలు కోసం కక్షిదారులు వెతుక్కుంటూ వస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీ భూమి చేతులు మారడంపై ఒడిశాలో 1956 రెగ్యులేషన్, మహారాష్ట్రలో ల్యాండ్ రెవెన్యూ కోడ్ 36, 36ఎ సెక్షన్లు మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి.

హైకోర్టు వైపు చూసేవాళ్లకు నాగపూర్ (చంద్రపూర్, గడ్చిరోలి), ఛత్రపతి సంభాజీనగర్ (నాందేడ్), కటక్ ఉన్నాయి. అక్కడ ఇంగ్లీషే, సాక్షులుండరు. గొంతు కన్నా చదువు ఎక్కువ కావాలి.

ఇంత దూరం వెళ్లాలా వద్దా తేలనివాళ్లు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరి చూడండి. పల్లెల్లో చట్టం గురించి వీధినాటకం వేయగల మనిషి వాళ్లకు అవసరమే, మీకు కోర్టు వరండా లోపలినుంచి తెలుస్తుంది. లాయరయ్యాక అదే సంస్థ ప్యానెల్లో చేరడానికి మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు.

కోటు వేసుకున్నాక నటించవచ్చా

పూర్తికాలం జీతానికి ఎక్కడా పనిచేయకూడదు (బార్ కౌన్సిల్ రూల్ 49). కాబట్టి నెల జీతం మీద కంపెనీ నటుడిగా ఉండడం కుదరదు. సొంతంగా వ్యాపారం నడపకూడదు (రూల్ 47), అంటే నాటక కంపెనీ యజమానిగా, సినిమా నిర్మాతగా ఉండకూడదు. రూల్ 51 ప్రసారాలు, పత్రికారచన, ఉపన్యాసాలు, బోధనలను అనుమతించింది. నటన పేరు అందులో లేదు. అందుకే పాత్రకింత అని తీసుకునే నటనకైనా రూల్ 52 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవడమే క్షేమం. దరఖాస్తులో పని పాత్రల వారీగా ఉంటుందని, జీతం కాదని, నెలకు సుమారు ఎన్ని రోజులో, కోర్టు పనిదినాలకు అడ్డం రాదని రాసి, ఒప్పందం నకలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ప్రచారం దగ్గర నటులు తెలియకుండానే దొరికిపోతారు. నాటకం కరపత్రం మీద, పండగ ఫ్లెక్సీ మీద పేరుకు ముందు "అడ్వకేట్" అని వేయించవద్దు. కేసు గెలిచాక కక్షిదారుతో ఫొటో పెట్టి పోస్టు చేయకూడదు. రూల్ 36 ప్రకారం రెండూ చిక్కు తెచ్చేవే. వెబ్‌సైటులో పేరు, చిరునామా, నమోదు సంఖ్య, అర్హతలు, చూసే కేసుల రంగం వరకు పెట్టుకోవచ్చు. బ్యాండ్లు, గౌను కోర్టు బయట బహిరంగంగా వేసుకోకూడదు. స్టేజీమీద వకీలు పాత్రకు కంపెనీ పెట్టెలోని దుస్తులే వాడండి.

నెలల తరబడి షూటింగు వస్తే, ప్రాక్టీసును స్వచ్ఛందంగా నిలిపివేస్తున్నట్టు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో తెలిపి, నమోదు పత్రం అసలు ప్రతి జతచేసి పంపాలి. దానికంటే ముందు చేతిలో ఉన్న ఫైళ్లన్నీ కక్షిదారుల అనుమతితో వేరే వకీలుకు అప్పగించి, ఆయన వకాలత్నామా (కక్షిదారు తరఫున వాదించే అధికార పత్రం) కోర్టులో దాఖలయ్యేదాకా మీరే వాయిదాలకు హాజరవ్వాలి.